ఇంజను ఆపని మా బాబాయి జీపు

డీజిలు చవక అనే మాట మా పల్నాట్లో ఎన్ని పొలాలు తినేసిందో ఎవరూ లెక్క తీయలేదు. తీయరు కూడా. పొలం పోగొట్టుకున్నవాడు అది జీపువల్ల పోయిందని చెప్పడు. కోర్టు ఖర్చులవల్ల అంటాడు, పత్తికి పురుగు పట్టిందంటాడు, గ్రహాలు బాగాలేవంటాడు, చివరికి ఎవరిదో కన్ను పడిందంటాడు. వాకిట్లో నల్లపొగ కక్కుతూ నిలబడినదాని పేరు మాత్రం ఎత్తడు. అందుకే మా ఇంటి సంగతి నేను రాస్తున్నాను.

మా ఊరు గురజాలకీ మాచర్లకీ మధ్య, పెద్దరోడ్డునుంచి లోపలికి ఉంటుంది. మా నాన్న తమ్ముడు, అంటే మా బాబాయి, ఆ ఊరికి ప్రెసిడెంటుగా చేశాడు. నేను చెప్పేది సమితులు పోయి మండలాలు కొత్తగా వస్తున్న రోజులు. ఊరికి పెద్దగా ఉన్నది చాలదు, మండలానికి పెద్ద కావాలని ఆయనకు కోరిక పుట్టింది. కోరిక తప్పు కాదు. కోరిక పుట్టినవాడు ఊరి బడి ఎలా ఉంది, రోడ్డు ఎలా ఉంది, కాలవ నీళ్లు చివరి మడిదాకా వస్తున్నాయా అని చూడాలి. మావైపు అలా చూడరు. ముందు జీపు కొంటారు.

నేనప్పుడు నరసరావుపేటలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతుండేవాణ్ణి. సాయంత్రాలు ఒక గ్రంథాలయంలో కూడి జాతకాలు నిజమా, శకునాలు నిజమా అని వాదించుకునే గుంపులో తిరిగేవాణ్ణి. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి ఊరికి పోయేవాణ్ణి. నాన్న పోయాక ఊళ్లో నా ఇల్లంటే బాబాయి ఇల్లే, నాకు అన్నం పెట్టేది పిన్నే. కాబట్టి ఆ జీపు చరిత్ర మొదటినుంచి నా కళ్లముందే జరిగింది.

అది ఏదో ప్రభుత్వ శాఖ వేలంలో వదిలించుకున్న పాత పెట్రోలు జీపు. వెనక రెండు పక్కలా బల్లలున్న పొడుగు బండి. పది మంది కూర్చోవచ్చు, పదహారు మంది కూర్చునేవాళ్లు. దాని పెట్రోలు ఇంజను పీకించి, నరసరావుపేట షెడ్డులో ఒక పాత డీజిలు ఇంజను ఎక్కించారు. ఇదంతా చేయడానికి నాపరాళ్ల గనుల పక్కనున్న మెట్టచేను పోయింది. రెండు జతల ఎడ్లూ పోయాయి. ఎందుకిదంతా అని అడిగితే బాబాయి నాకు లెక్క చెప్పాడు. పెట్రోలు ధరలో డీజిలు ధర సగం, కనక ఖర్చు సగం. అంతే ఆ లెక్క. అంతకుమించి దానిలో ఏమీ లేదు. ఇంజనుకు ఏం పెట్టాడో అందులో లేదు, టైర్లు లేవు, డ్రైవరు జీతం బత్తెం లేవు, బీమా, పన్ను లేవు. సగం ధరకు దొరుకుతుందిగదా అని రెండింతలు తిరుగుతాం అన్న సంగతి అసలే లేదు. గ్రంథాలయంలో ఎవరైనా కుర్రాడు ఇలాంటి వాదన తెస్తే నవ్వి కూర్చోబెట్టేవాళ్లం. ఊళ్లో అయితే ఇరవై మంది తలకాయలూపారు.

బండి ఇంటికి వచ్చిన రోజు సిద్ధాంతిగారు వచ్చి ముహూర్తం పెట్టాడు. బానెట్టుకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. గుమ్మడికాయ పగలగొట్టారు. ముందు బంపరుకు నల్లతాడు కట్టారు. ఆ ఇంజను లోపల డీజిలు చిమ్మే నాజిల్లు ఎలా ఉన్నాయో, ఆయిలు ఎప్పుడు మార్చారో ఒక్కరూ అడగలేదు. నేను అడిగితే శుభమా అంటూ బండి వస్తే ఈ అపశకునపు కూతలేందిరా అని బాబాయి విసుక్కున్నాడు. ఇంజను ఆయిలు సంగతి అడగటం అపశకునం, నిమ్మకాయలు నలపటం జాగ్రత్త. మా నాయకుల బుద్ధి ఈ ఒక్క మాటలో మొత్తం దొరుకుతుంది.

ఇక మైలేజీ. జీపు ఉన్న ప్రతివాడూ లీటరుకు పదిహేను ఇస్తుందనేవాడు. బాబాయీ అంతే. ఎడ్ల బలం గురించి, కోడిపుంజు గురించి చెప్పినట్టే ఇదీ చెప్పేవాడు. కానీ తన వెనక తిరిగేవాళ్ల దగ్గర కూర్చున్నప్పుడు మాట మారేది. అప్పుడు అది మామూలు బండి కాదని, చానా తాగుద్దని, దాన్ని మేపటం అందరివల్లా కాదని మీసం సర్దుకునేవాడు. ఒకే బండి ఒకరి దగ్గర ఏమీ తాగదు, ఇంకొకరి దగ్గర ఎంతైనా తాగుతుంది. రెండూ గొప్పలే. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చుకోవాలని ఆయనకు ఏనాడూ అనిపించలేదు.

నాకు అనిపించింది. బండి మీటరు ఎప్పుడో పనిచేయడం మానేసింది, దాని తీగ తెగి కింద వేలాడుతుండేది. నరసరావుపేటలో అంచుదాకా డీజిలు పోయించి, రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టుకుంటూ ఊరిదాకా వచ్చి, తిరిగి పేటకు పోయి మళ్లీ అంచుదాకా పోయించాను. దారిలో నలుగురిని ఎక్కించుకోకుండా ఆపడానికి నేను పడ్డ బాధ వేరే చెప్పాలి. లీటరుకు ఎనిమిది రాలేదు. అదీ ఆగకుండా పరుగెత్తితే. అసలు రోజున బండి పరుగెత్తేది తక్కువ, నిలబడేది ఎక్కువ.

ఈ సంగతి చెబితే బాబాయి రాళ్లు తప్పు పాతారన్నాడు. ప్రభుత్వం రోడ్డు మీద రాళ్లు పాతడంలో తప్పు చేసి ఉండవచ్చట, ఆయన నోటితో అన్న పదిహేను మాత్రం తప్పు కావడానికి వీల్లేదట.

ఇంజను అమర్చిన మేస్త్రీ దగ్గరకు నేనే పోయాను. పేటలో షెడ్డు నడుపుకునే సాయిబు ఆయన. మాటకారి, వ్యాపారం తెలిసినవాడు. డీజిలు పంపు ఎందుకంత తెరిచి పెట్టావు, సగం డీజిలు కాలకుండానే పొగైపోతోంది గదా అని అడిగాను.

"మీ బాబాయిగారే పెట్టించుకున్నారు సార్," అన్నాడు. "పొగ రాకపోతే బండిలో దమ్ము లేదంటారు. నేను తగ్గిస్తే ఇంకో షెడ్డుకు పోయి పెంచుకుంటారు. ఆ పైసలు నేనెందుకు పోగొట్టుకోవాల?"

ఆయన్ని తప్పుపట్టాలో వద్దో నాకు తేలలేదు. దొంగ మాట మాత్రం చెప్పలేదు. పొగ నల్లగా ఉంటే బలం ఉన్నట్టు, శబ్దం ఎక్కువుంటే పరువు ఉన్నట్టు నమ్మే మనుషులకు ఆయన పొగా శబ్దమూ అమ్మాడు.

పోయించిన డీజిల్లో మావాళ్లకు పనికొచ్చింది ఎంత? బాబాయికి ఒక పట్టింపు ఉండేది. మా బండిలో ఇంకొకడు డీజిలు పోయకూడదు. ఊళ్లో పెళ్లయినా, కోర్టు వాయిదా అయినా, మాచర్లలో సంత అయినా జీపు అడిగేవాళ్లు. అడిగినవాడు మర్యాదకు జేబులో చెయ్యి పెడితే బాబాయికి కోపం వచ్చేది. కొన్నాళ్లకు జేబులో చెయ్యి పెట్టేవాళ్లు పోయారు. డీజిలు డ్రమ్ము మా నడవలో ఉండేది. ఆ నడవలోనే పిన్ని తన మిరపకాయల బస్తాలు వేసేది. ఒక ఏడు గుంటూరు వ్యాపారి బస్తాలో చెయ్యి పెట్టి వాసన చూసి, ఇవి కూరలో వేస్తారా లారీలో పోస్తారా అని అడిగాడట. ధర కోసి కొన్నాడు. ఆ కోత ఎవరి ఖాతాలో వేయాలి? జీపు ఖర్చులో ఎవరూ వేయలేదు. మిరప ధర పడిపోయిందని బాబాయి ఊరంతా చెప్పుకున్నాడు.

ఇక్కడ నాకు ఒక ఎదురుమాట చెప్పేవాళ్లున్నారు. ఆ జీపు లేకపోతే రాత్రివేళ పురుడు కష్టమైన మనిషిని పేట ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లేవాళ్లు అని అడుగుతారు. నిజమే. తీసుకెళ్లింది, తల్లీ బిడ్డా బతికారు. నేను కాదనను. కానీ ఒక మాట నేనూ అడుగుతాను. అంతకుముందు మా ఊళ్లోకి రోజూ వచ్చే బస్సు ఏమైంది? రోడ్డు గుంటలు పడితే అడ్డరోడ్డు దగ్గరే ఆగిపోవడం మొదలుపెట్టింది. రోడ్డు బాగుచేయించమని ఊరి పెద్ద ఎన్నిసార్లు తిరిగాడు? ఒక్కసారి కూడా తిరగలేదు. బస్సు వస్తే జీపు కోసం వాకిట్లో నిలబడేవాళ్లు ఉండరు. వాకిట్లో మనుషులు నిలబడకపోతే ఆయన పెద్ద కాడు. ఇది నేను ఆయన ముఖం మీదే అన్నాను. ఆయన రెండు నెలలు నాతో మాట్లాడలేదు, నేనన్నది తప్పు అని మాత్రం అనలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బొల్లాపల్లివైపు ఒక ఊళ్లో పెళ్లికి వెళ్లాం. బండికి ముందు రెండు పెద్ద లైట్లు అదనంగా పెట్టించాడు, పాటల హారను పెట్టించాడు, టేపురికార్డరు పెట్టించాడు. ఇన్నింటికి ఆ బ్యాటరీ ఎక్కడ చాలుతుంది? భోజనాలయ్యాక డ్రైవరు తాళం తిప్పితే బండి మూలిగి ఊరుకుంది. పట్టుబట్టలు కట్టుకున్న పెళ్లివాళ్లు వచ్చి తోశారు. అవతలి పార్టీ పెద్దమనిషి అక్కడే పందిట్లో కుర్చీలో ఉన్నాడు. మా పక్క ఊరివాడు, బాబాయికి వరసకు బావ అవుతాడు. పగ పార్టీలదే, వరసలు మాత్రం అలాగే ఉంటాయి మావైపు.

"బావా, ఎడ్లు కావాలంటే మావి తోలిస్తా," అన్నాడు కుర్చీలోంచి లేవకుండానే. "నీయి అమ్ముకున్నావంట గదా."

పందిరి పందిరంతా నవ్వింది. ఆ నవ్వు ఖరీదు మా ఇంటికి ఎంతైందో నేను చెప్పబోతున్నాను.

మామూలు మనిషైతే మర్నాడు కొత్త బ్యాటరీ కొంటాడు, అక్కర్లేని లైట్లు రెండూ పీకేస్తాడు. బాబాయి సిద్ధాంతిని పిలిపించాడు. పందిట్లో దిష్టి తగిలిందని ఆయన తేల్చాడు. నరఘోష అని ఒక పేరు కూడా పెట్టాడు. శాంతి చేయించారు. శాంతికైన ఖర్చులో ఒక మంచి బ్యాటరీ వచ్చేది. తరవాత కొత్త బ్యాటరీ కూడా కొన్నారు. లైట్లూ హారనూ టేపురికార్డరూ అలాగే ఉండటంవల్ల అదీ నీరసించింది. దాంతో దిష్టి బలమైందని రుజువైపోయింది. అప్పుడు బాబాయి డ్రైవరుకు ఒక ఆజ్ఞ వేశాడు. ఊరు దాటాక ఇంజను ఆపకూడదు.

ఆపకూడదంటే ఆపకూడదు. పెళ్లిలో తాళి కట్టేదాకా, భోజనాలు అయ్యేదాకా, తాంబూలాలు ఇచ్చేదాకా బయట జీపు మోగుతూనే ఉండేది. పరామర్శకు పోయినా అంతే. లోపల చచ్చిపోయినవాడి భార్య ఏడుస్తుంటే బయట ఇంజను ఏడ్చేది. రాహుకాలం పోయేదాకా బయలుదేరకూడదని ఆయన కూర్చుంటే, ఆ గంటన్నరా బండి కూడా నిలబడి డీజిలు తాగేది. రాహుకాలం ఎంత డీజిలు తాగుతుందో కొలిచి సిద్ధాంతికి చూపిస్తానని నేను అన్నాను. బాబాయి నావంక జాలిగా చూశాడు.

ఇంతవరకు ఇది ఒక మనిషి తిక్క. మా ప్రాంతంలో తిక్క ఒక్కడి దగ్గర ఆగదు. ఆయన బండి ఆపడంట, ఎంతసేపైనా అట్టా పెడతాడంట అని జనం చెప్పుకోవడం మొదలుపెట్టారు. చెప్పుకుంటున్నకొద్దీ అది దర్జా అయింది. అవతలి పార్టీ బావకు మంచి బ్యాటరీ ఉంది, తాళం తిప్పగానే పలికే బండి ఉంది. ఆయన కూడా ఆపడం మానేశాడు. రెండు జీపులు ఒకచోట కలిశాయంటే ఎవరు ముందు ఆపుతారో అని జనం చూస్తుండేవాళ్లు. ముందు ఆపినవాడు ఓడినట్టు. ఆఫీసుల ముందు, పెళ్లి పందిళ్ల ముందు రెండు ఇంజన్లు ఎదురెదురుగా మొత్తుకుంటుంటే మధ్యలో మనుషులు చెవిలో అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్లు. ఇందులో ఏది రాజకీయమో నాకు ఇప్పటికీ తెలియదు.

నిలబడి మోగే ఇంజను ఊరికే ఉండదు. లోపల మసి కడుతుంది, రింగులు అరుగుతాయి. ఏడాది తిరిగేసరికి అది డీజిలుతోపాటు ఇంజను ఆయిలు కూడా తాగసాగింది. పొగ నీలంగా వచ్చేది. వర్షాలు పడ్డాక అడ్డరోడ్డు ఎత్తు ఎక్కలేక ఒకసారి మనుషులు దిగాల్సి వచ్చింది. షెడ్డులో సాయిబు ఇక దీని సిలిండర్లు కోసి బోరింగు చేసినా నిలవదని, వేరే ఇంజను ఎక్కించాలని చెప్పాడు. మండలం ఎన్నికలు దగ్గరికొస్తున్నాయని అనుకుంటున్న రోజులు. ఇంజనుకు, తిరుగుళ్లకు కలిపి డబ్బు కావాలి. మెట్టచేలు అప్పటికే పోయాయి. మిగిలింది కుడికాలవ కింద ఎకరన్నర మాగాణి.

అది పిన్నిది. పెళ్లినాడు వాళ్ల నాన్న పసుపు కుంకుమ కింద ఆమె పేర రాసిచ్చింది. ఇంట్లో నీళ్లు పారే నేల అదొక్కటే. మిరప అక్కడే పండేది, తిండిగింజలు అక్కడే పండేవి. బాబాయి పేరున్న చేలు జీపులో పోతుంటే ఇల్లు నడిచింది ఆ ఎకరన్నర మీద. అది అమ్మి ఇంజను కొందామన్నాడు ఆయన.

నేను ఊరుకోలేదు. ఆ శనివారం, ఆదివారం రెండు రోజులూ వాదించాను. అమ్మాల్సింది పొలం కాదు జీపు అన్నాను. బాడుగకు బండి మాట్లాడుకుని తిరిగినా ఇంతకంటే తక్కువ అవుతుందన్నాను. ఏడాదికి ఆ బండి ఏం తింటుందో, ఆ నేల ఏం పెడుతుందో పక్కపక్కన పెట్టి చెప్పాను. బాబాయి మంచం మీద పడుకుని కాళ్లూపుతూ విన్నాడు. చదువుకున్నవాడికి రాజకీయం తెలియదన్నాడు. గెలిస్తే అంతకు అంత సంపాదించొచ్చన్నాడు. ఎట్టా సంపాదిస్తావు బాబాయ్, మండలం పెద్దకు జీతమెంతని అడిగితే, ఒరే అబ్బాయ్, నీకు చెప్పినా అర్థం కాదులే అన్నాడు. నాకు అర్థమైంది. అర్థమైనందువల్లే ఆయన మీద నాకున్న కాస్త గౌరవమూ పోయింది.

పిన్ని ఆ వాదనలోకి దిగలేదు. ఇస్తానని కూడా చెప్పేసింది. ఇంట్లో గొడవలు ఎందుకని చెప్పిందో, ఆయన ఓడిపోతే తననే అంటారని చెప్పిందో నాకు తెలియదు. నేను పేటకు బయలుదేరుతుంటే మాత్రం ఒక సంగతి అడిగింది. ఆ బండి ఊరికే మోగుతా నిలబడితే ఏమన్నా లాభముందా అని. ఏమీ లేదు పిన్నీ, తొయ్యాల్సి వస్తే నలుగురూ నవ్వుతారని తప్ప అని చెప్పాను. తలూపింది.

రిజిస్ట్రేషను రోజున నేను సెలవు పెట్టి వచ్చాను. చివరిదాకా అడ్డుపడాలని నా ఉద్దేశం. జీపులో ముందు బాబాయి, డ్రైవరు. వెనక పిన్ని, నేను, సాక్షి సంతకాలకు వచ్చిన ఇద్దరు. పిన్ని కొత్త చీర కట్టుకోలేదు, పొలానికి పోయే చీరే కట్టుకుంది. గురజాలలో రిజిస్ట్రారు ఆఫీసు ముందుకు వచ్చేసరికి కొనేవాడు, దస్తావేజులు రాసే ఆయన అప్పటికే సిద్ధంగా ఉన్నారు. కాగితాలు రాసి ఉన్నాయి. ఆమె దిగి లోపలికి పోయి సంతకం పెట్టడమే తరువాయి.

ఎదురుగా టీకొట్టు. టీకొట్టు ముందు అవతలి పార్టీ బావ జీపు, మోగుతూ. ఆయన తన పనేదో మీద వచ్చి బల్లమీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ అతని మనుషులు. మా బండి కూడా అతని బండికి ఎదురుగా ఆగి మోగుతోంది. నీలంపొగ గాలికి లోపలికే వస్తోంది. బాబాయి దిగి, పిన్ని వైపు వచ్చి దిగమన్నాడు.

"ఇంజను ఆపించు," అంది పిన్ని.

ఆయనకు వినపడలేదు. ఆ మోతలో ఎవరికీ వినపడదు. ఆమె గొంతు పెంచి మళ్లీ చెప్పింది. ఇంజను ఆపితే దిగి సంతకం పెడతానంది.

బాబాయి టీకొట్టువైపు చూశాడు. నవ్వుమొహం పెట్టి ఆమె దగ్గరగా వంగాడు. ఇక్కడ ఆపితే మళ్లీ తొయ్యాల్సి వస్తుందని, అవతల వాడు చూస్తున్నాడని, పని కానిచ్చి ఇంటికాడ ఆపుదామని బతిమాలినట్టు చెప్పాడు. తోస్తే ఏం, నేనూ తోస్తా అంది ఆమె. డ్రైవరు తాళం మీద చెయ్యి పెట్టి బాబాయి మొహం చూశాడు. బాబాయి కళ్లతోనే వద్దన్నాడు.

టీకొట్టులోంచి బావ కేకేశాడు. "ఏంది బావా, చెల్లెమ్మ దిగట్లేదే?"

ఆ కేకతో బాబాయి మొహం మారింది. "ఏమే, నలుగురిలో నా పరువు తీస్తావా, దిగు," అన్నాడు.

పిన్ని దిగింది. దిగి ఆయన ముందు నిలబడి చెప్పింది. పెద్దగానే చెప్పింది, మోత ఉంది గనక.

"మా నాయన ఇచ్చిన నేల అడిగావు, ఇస్తానన్నా. దీని కూత ఒక్క నిమిషం ఆపమంటన్నా. అది నీవల్ల కాదు. ఎకరన్నర పోయినా ఫరవాలేదు, ఆయన ముందర బండి తొయ్యకూడదు. అంతేగదా? అట్టాంటప్పుడు నేను సంతకం దేనికి పెట్టాలయ్యా?"

ఆమె అన్నది తప్పు అని చూపడానికి బాబాయి చేయాల్సింది ఒక్కటే. డ్రైవరుకు ఒక్క మాట చెప్పాలి. చెబితే నేల వచ్చేది, ఇంజను వచ్చేది, మండలం కూడా వచ్చేదేమో. నోరు రాలేదు. దస్తావేజులాయన కలం పట్టుకుని చూస్తున్నాడు, కొనేవాడు చూస్తున్నాడు, టీకొట్టంతా చూస్తోంది. ఎకరన్నరకూ నలుగురి నవ్వుకూ మధ్య ఆయన అక్కడ నిలబడి ఎంచుకున్నాడు. అటువంటి ఎంపిక అంత బాహాటంగా జరగడం నేను మళ్లీ చూడలేదు.

పిన్ని ఆఫీసువైపు పోలేదు. బస్టాండువైపు నడిచింది. నేను వెంట వెళ్లాను. బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని బయటకు చూస్తూ ఉంది. నేను ఏదో మెచ్చుకోలు మాట మొదలుపెడితే, ఊరుకోరా, ఇంటికి పోయాక ఏం జరిగిద్దో చూడు ముందు అంది.

అడ్డరోడ్డు దగ్గర దిగి ఊరికి నడుస్తుంటే వెనకనుంచి జీపు వచ్చింది. మాకు దగ్గరకొచ్చి నెమ్మదించింది. ఎక్కమని బాబాయి అన్నాడు. ఆమె తల తిప్పలేదు. దాటి పోదామంటే పెళ్లాన్ని దారిలో వదిలి పోయాడంటారు. ఆగుదామంటే బండి ఆపకూడదు. కనక ఊరిదాకా మా వెనకే, ఫస్టు గేరులో, మనిషి నడక వేగాన వచ్చింది. ఏ బండైనా అన్నిటికంటే ఎక్కువ డీజిలు తాగేది ఆ గేరులోనే. పత్తిచేలల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన ముందు సీట్లో బొమ్మలా కూర్చుని ఉన్నాడు. బండి తొయ్యాల్సి వచ్చినా అంత నవ్వుబాటు అయ్యేది కాదు.

ఇంట్లో కొన్నాళ్లు గడ్డుగానే నడిచింది. అరుపులయ్యాయి, అలకలయ్యాయి. పిన్ని తల్లిగారివైపు పెద్దలు వచ్చి పోయారు. నాస్తికుడు దాని చెవిలో విషం పోశాడని ఆయన నా గురించి చెప్పుకున్నాడు. సిద్ధాంతి ఆ రోజు తిథి మంచిది కాదని, అందుకే పని చెడిందని అన్నాడట. తిథి మంచిదని చెప్పి పంపింది ఆయనే. ఎవరూ ఆ సంగతి గుర్తు చేయలేదు.

కొత్త ఇంజను రాలేదు. ఇంజను లేక తిరుగుళ్లు లేవు, తిరుగుళ్లు లేక టిక్కెట్టు లేదు. అవతలి పార్టీ బావ నిలబడ్డాడు, గెలిచాడు. ఆయన జీపు మండలం ఆఫీసు ముందు మోగుతూ నిలబడటం నేను చూశాను. లోపల పింఛను కోసం వచ్చిన ముసలమ్మ తన ఊరి పేరు మూడుసార్లు అరిచి చెప్పుకోవాల్సి వచ్చింది. రెండేళ్లలో ఆయన కూడా కాలవ కింద పొలం అమ్మకానికి పెట్టాడు. అదీ కోర్టు ఖర్చులకేనని చెప్పాడు.

మా జీపును మాచర్లలో జనాన్ని తోలుకునే ఒకతను ఇనుము ధరకు కొన్నాడు. వాకిట్లోంచి అది పోయాక నిలబడే జనమూ పోయారు. ఒకరిద్దరు తప్ప ఎవరూ ఇటు తొంగిచూడలేదు. ఆ డీజిలంతా తాగిన గుంపు ఆ మర్నాడే పక్క ఊరి వాకిట్లో తేలింది.

ఆ ఏడు పిన్ని మిరప వేసింది. నడవలోంచి డ్రమ్ము బయటకు దొర్లించి, అక్కడంతా రెండుసార్లు కడిగి సున్నం వేయించింది. ధర గొప్పగా లేకపోయినా ఎవరూ వాసన చూసి కోత వేయలేదు. బాబాయి ఏమీ జరగనట్టు బస్తాలు కుట్టించడానికి వచ్చి కూర్చున్నాడు.

తరవాత తరవాత ఆయన మాట తీరు మారిపోయింది. ఇంటికి ఎవరైనా వస్తే కాలవ కింది నేల చూపించి, ఆ రోజుల్లో అందరూ జీపుల మోజులో పడి అమ్ముకున్నారని, తను మాత్రం గట్టిగా నిలబడి దీన్ని అమ్మనియ్యలేదని చెబుతాడు. నా ముందు కూడా చెబుతాడు. పిన్ని పక్కనే ఉంటుంది, కాదనదు. మొన్నామధ్య మాత్రం దానిలో సగం ఇప్పుడు పెద్దవాడైన వాళ్ల కొడుకు పేర పెట్టమని ఆయన అడిగితే, ఇప్పుడేం తొందరని లోపలికి పోయింది. ఆ నేల ఇంకా ఆమె పేరుమీదే ఉంది.